పేరూ లేదు తేదీ లేదు, ఉన్నవి గీతలే: నస్రీన్ మొహమ్మదీ డ్రాయింగ్స్ మ్యూజియం దాకా ఎలా వచ్చాయి

క్లుప్తంగా

ఇండియన్ ఆర్టిస్టు నస్రీన్ మొహమ్మదీ (1937–1990) తన పనిలో ఎక్కువ భాగం కాగితం మీదే చేశారు, అదీ గీతలతోనే. బొమ్మలకి పేర్లు పెట్టలేదు, చాలావాటి మీద తేదీలు కూడా వెయ్యలేదు. ఆవిడ పోయిన పాతికేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) కొత్త బ్రాంచి ఓపెనింగ్‌కి ఆవిడ షో పెట్టారు. ఉత్త గీతలకి ఇంత సీన్ ఎందుకు అనే డౌట్ చాలామందికి వస్తుంది. జవాబు సగం ఆ గీతల్లోనే ఉంది. మిగతా సగం ఆ షోని కట్టిన పద్ధతిలో ఉంది, ఎందుకంటే ఆర్టిస్టు చెప్పకుండా వదిలేసిన వరసని క్యూరేటర్లే, అంటే షోకి పనులు ఎంచి అమర్చేవాళ్ళే, కట్టాల్సి వచ్చింది.

డౌట్ ఎక్కడ మొదలవుతుంది

2016 మార్చి 18న న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో మెట్ బ్రాయర్ మొదలైంది. మార్సెల్ బ్రాయర్ డిజైన్ చేసిన బిల్డింగ్ అది, 1966 నుంచి అందులో విట్నీ మ్యూజియం ఉండేది, వాళ్ళు వేరే చోటికి మారిపోయాక మెట్రోపాలిటన్ లీజుకి తీసుకుని మోడర్న్, కాంటెంపరరీ ఆర్ట్ కోసం వాడుకుంది. ఓపెనింగ్‌కి రెండు పెద్ద షోలు పెట్టారు. ఒకటి రినసాన్స్ కాలం నుంచి ఈ మధ్యదాకా పూర్తికాకుండా ఆగిపోయిన బొమ్మల మీద, అందులో టిషియన్, రెంబ్రాంట్, పికాసో అందరూ ఉన్నారు. రెండోది నస్రీన్‌ది, 130కి పైగా పనులతో జూన్ 5 దాకా నడిచింది. అమెరికాలో ఏ మ్యూజియం అయినా ఆవిడ మీద పెట్టిన మొదటి రెట్రాస్పెక్టివ్, అంటే జీవితకాలపు పని మొత్తం చూపించే షో, ఇదే.

లోపలికి వెళ్తే గోడల మీద ఎక్కువగా మరీ పెద్దవి కాని ఫ్రేములు, వాటిలో తెల్లటి కాగితం, దాని మీద పెన్సిల్ గీతలు, ఇంకు గీతలు. రంగు దాదాపు ఉండదు. లేబుల్ ఏమన్నా సాయం చేస్తుందా అంటే, వరసగా అన్నిటి మీదా 'అన్‌టైటిల్డ్' అనే ఉంటుంది, తేదీ దగ్గర సుమారుగా 1970లు, సుమారుగా 1980లు అని.

తెలుగువాళ్ళకి గీత అనగానే గుర్తొచ్చేది బాపు. నాలుగు గీతల్లో మనిషి నడుం వంపు, కోపం, కొంటెతనం దిగిపోతాయి, గీత బాగుందా లేదా అన్నది అది దేన్ని పట్టుకుందో చూసి చెప్తాం. లక్ష్మాగౌడ్ డ్రాయింగ్స్ అయినా అంతే, మేక ఉంటుంది, చెట్టు ఉంటుంది, ఊరి మనుషులుంటారు. అదే లెక్కతో నస్రీన్ దగ్గరికి వస్తే పట్టుకోడానికి ఏమీ దొరకదు, దాంతో 'స్కేలు పెట్టి ఎవరైనా గీస్తారు కదా' అనే మాట వచ్చేస్తుంది. ఆ మాట అన్నవాళ్ళని వెక్కిరించక్కర్లేదు, నిజమో కాదో చూస్తే సరిపోతుంది.

కరాచీ నుంచి బరోడా దాకా

1937లో కరాచీలో పుట్టారు, చిన్నప్పుడే కుటుంబం బొంబాయి వచ్చేసింది. 1954 నుంచి 1957 దాకా లండన్‌లో సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో చదివారు, 1960ల మొదట్లో స్కాలర్‌షిప్ మీద పారిస్‌లో ఉన్నారు. తండ్రి వ్యాపారం బహ్రెయిన్‌లో కాబట్టి గల్ఫ్‌కి రాకపోకలు ఉండేవి. బొంబాయిలో భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టూడియో, చుట్టూ గాయ్‌తొండే, తయ్యబ్ మెహతా లాంటి పెయింటర్లు. 1972లో బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్‌లో టీచర్‌గా చేరి 1988 దాకా అక్కడే పాఠాలు చెప్పారు. 1990 మేలో అలీబాగ్ దగ్గర కిహిమ్‌లో చనిపోయారు, 53 ఏళ్ళకే.

బరోడాకీ మనకీ ఒక దారి ఉంది, లక్ష్మాగౌడ్ 1963–65లో అక్కడే చదివారు. కానీ నస్రీన్ చేరేసరికి ఆయన వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, కాబట్టి ఇద్దరికీ ముడి పెట్టడం కుదరదు.

ఒక కాగితాన్ని దగ్గర్నుంచి చూస్తే

బీటెక్ ఫస్టియర్‌లో ఈడీ (ఇంజనీరింగ్ డ్రాయింగ్) క్లాసు చేసినవాళ్ళకి ఇది తొందరగా అర్థమవుతుంది. షీటు బోర్డుకి అంటించి, డ్రాఫ్టర్ బిగించి, 2హెచ్ పెన్సిల్‌తో సమాన దూరంలో గీతలు గీయమంటే మొదటి పది గీతలు బానే వస్తాయి, ఆ తర్వాత పెన్సిల్ మొన అరుగుతుంది, గీత లావవుతుంది, చెయ్యి కింద రుద్దుకుని గ్రాఫైట్ మసక పడుతుంది, ఎక్కడో ఒక చోట గ్యాప్ తప్పుతుంది. ఇంకు అయితే ఇంకా కష్టం, పెన్ను ఒక్క క్షణం ఎక్కువ ఆగితే గీత చివర చుక్క ఉబ్బుతుంది, స్కేలు తడి గీతకి తగిలితే షీటు మొత్తం పోయినట్టే.

నస్రీన్ వాడింది కూడా దాదాపు ఇవే సామాన్లు, డ్రాఫ్టింగ్ టేబుల్, సెట్ స్క్వేర్లు, ఇంజనీర్లు వాడే పెన్నులు. కాకపోతే ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో గీత లావు ఒక కోడ్, లావు గీత అంటే అంచు, సన్న గీత అంటే కొలత, విరిగిన గీత అంటే కనపడని భాగం. ఎవరు చదివినా ఒకేలా అర్థం కావాలి. నస్రీన్ ఆ కోడ్‌ని తీసేసి సామాన్లు మాత్రం ఉంచుకున్నారు. ఇప్పుడు గీత లావు ఎందుకు మారుతుందో చెప్పే రూల్ లేదు, కంటికి ఏం జరుగుతుందో అదే మిగిలింది.

జరిగేది ఏంటంటే, 1970ల గ్రిడ్ (గళ్ళ అల్లిక) డ్రాయింగ్స్‌లో ముందు అడ్డంగా సన్న గీతలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి, వాటి మధ్య దూరం అక్కడక్కడా కొంచెం మారుతుంది. గీతలు దగ్గరైన చోట కాగితం బూడిద రంగులోకి వెళ్తుంది, దూరమైన చోట వెలుగు వచ్చినట్టుంటుంది, అంటే షేడ్ వెయ్యకుండానే షేడ్ వచ్చేస్తుంది. వాటి మీద కొన్ని గీతల్ని ఇంకుతో మళ్ళీ బరువుగా గీస్తే అవి ముందుకొచ్చినట్టు, పెన్సిల్ గీతలు వెనక్కి వెళ్ళినట్టు అనిపిస్తుంది. ఏటవాలు గీతలు పడ్డాయంటే ఇంక కాగితం చదునుగా ఉండదు, ఒక పక్క లోపలికి జారుతున్నట్టుంటుంది. 1980లకి వచ్చేసరికి గ్రిడ్ పూర్తిగా పోయింది, ఖాళీ కాగితంలో కొన్ని ఏటవాలు గీతలు, ఒక త్రికోణం, ఒక వంపు, అంతే. పేజీలో ఎక్కువ భాగం తెల్లగానే వదిలేశారు.

ఇక్కడ ఒక టెక్నికల్ చిక్కుంది. ఈ డ్రాయింగ్స్ ఫొటోలో సరిగ్గా రావు. ఫోన్ స్క్రీన్ కూడా ఒక గ్రిడ్డే, పిక్సెల్స్ గ్రిడ్, సన్న గీతల గ్రిడ్ దాని మీద పడితే రెండూ కలిసి అలల్లాంటి ఒక అబద్ధపు డిజైన్ తయారవుతుంది. టీవీలో సన్న చారల చొక్కా మినుకుమినుకుమనడం ఇదే. ఇమేజ్ సైజు తగ్గిస్తే సన్న పెన్సిల్ గీతలు కలిసిపోయి బూడిద మచ్చ అవుతాయి. ఆన్‌లైన్‌లో చూసి 'ఇందులో ఏముంది' అన్నవాళ్ళు చాలావరకు చూసింది ఆ మచ్చనే.

అగ్నెస్ మార్టిన్‌తో పోలిక ఎంతవరకు

విదేశాల్లో నస్రీన్ గురించి రాసినప్పుడల్లా అమెరికన్ పెయింటర్ అగ్నెస్ మార్టిన్ (1912–2004) పేరు వస్తుంది. ఇద్దరూ ఆడవాళ్ళు, ఇద్దరూ గ్రిడ్, ఇద్దరూ ఒంటరిగా పనిచేసుకున్నవాళ్ళు. తెలియని ఆర్టిస్టుని తెలిసిన పేరు పక్కన పెట్టి పరిచయం చెయ్యడం మ్యూజియంలకి అలవాటే, దాని వల్ల ఉపయోగం కూడా ఉంది, కానీ పోలిక కొంచెం దూరం వెళ్ళాక ఆగిపోతుంది. మార్టిన్ పెద్ద పనులు ఆరడుగుల చదరపు కాన్వాసులు, పెన్సిల్ గీత కాన్వాసు నేత మీద పడి కొద్దిగా వణుకుతుంది, ఆ వణుకు కనపడాలనే ఆవిడ ఉద్దేశం కూడా. ఆవిడ గ్రిడ్ ఎదురుగా గోడలా నిలబడుతుంది. నస్రీన్ కాగితాలు టేబుల్ మీద ఇమిడేవి, అందులో గీతలు ఎక్కడికో పరిగెడుతుంటాయి, వేగం ఉంటుంది. గ్రిడ్ అనే ఒక్క మాట పట్టుకుని ఇద్దర్నీ ఒక గాటన కట్టేస్తే అసలు తేడా మాయమైపోతుంది.

ఇంతకంటే పనికొచ్చే పోలిక ప్రింట్లు చేసిన జరీనా హష్మీతో. ఆవిడా 1937లోనే పుట్టారు, అలీగఢ్‌లో, ఆవిడా కాగితాన్నే నమ్ముకున్నారు. జరీనా 2001లో చేసిన ఒక వుడ్‌కట్‌లో (చెక్క చెక్కి తీసిన ప్రింటులో) నల్లటి వంకర గీత ఒకటే ఉంటుంది, అది ఇండియా–పాకిస్తాన్ సరిహద్దు. ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి ఆ గీత బరువు మారిపోతుంది. జరీనా ప్రింట్స్‌లో ఉర్దూ మాటలుంటాయి, ఇంటి ప్లాన్లుంటాయి, మ్యాపులుంటాయి. చూసేవాళ్ళకి లోపలికి వెళ్ళడానికి గుమ్మం ఉంది. నస్రీన్ కరాచీలో పుట్టి బొంబాయిలో పెరిగిన మనిషి, అలాంటి కథ చెప్పాలనుకుంటే కావల్సినంత ఉంది, అయినా కాగితం మీద దాని ఆనవాలు ఒక్కటి కూడా పెట్టలేదు.

తేదీ లేని పనుల్ని వరస పెట్టడం

మామూలుగా రెట్రాస్పెక్టివ్ అంటే కాలక్రమంలో పెడతారు, మొదట ఇలా గీశారు, తర్వాత ఇలా మారారు, చివరికి ఇక్కడికి చేరారు అని. తేదీలు లేకపోతే ఆ పని ఎలా చెయ్యాలి? ఆధారాలు కొన్ని ఉంటాయి. కాగితం రకం, వాడిన పెన్ను, ఎప్పుడు ఎవరికిచ్చారు, బతికుండగా పెట్టిన షోలలో ఏవి ఉన్నాయి, స్టూడెంట్స్, స్నేహితులు ఏం గుర్తుపెట్టుకున్నారు. ఇవన్నీ కలిపినా పక్కాగా ఏడాది చెప్పలేరు, పదేళ్ళ గడిలో వెయ్యగలరు. అందుకే ఆ 'సుమారుగా' అన్న మాట.

దీని ఫలితం చాలా పెద్దది. 1960ల్లో ఆకులూ కొమ్మల్లా కనిపించే ఇంకు పనులు, 1970ల్లో గ్రిడ్, 1980ల్లో ఏటవాలు గీతలు, ఖాళీ. ఇంత సాఫీగా సాగే కథ షోలో కనిపిస్తుంది, నిజానికి కూడా స్థూలంగా అదే కావచ్చు, కానీ ఆ సాఫీతనంలో కొంత భాగం వరస పెట్టినవాళ్ళది. ఒక డ్రాయింగ్‌ని ఎడమ గోడ మీద నుంచి తీసి కుడి గోడ మీద పెడితే 'ఎదుగుదల' అన్న మాటకి అర్థం మారిపోతుంది. డ్రాయింగ్ షో అంటే ఉన్నవాటికి మేకులు కొట్టి తగిలించడం అనుకుంటాం, ఇక్కడ మాత్రం తగిలించడమే ఒక వాదన.

ఆ వాదనకి మూలం ఢిల్లీలో ఉంది. 2013లో కిరణ్ నాడార్ మ్యూజియం ఆవిడ మీద పెద్ద షో పెట్టింది, క్యూరేటర్ రూబీనా కరోడే, బరోడాలో నస్రీన్ దగ్గరే చదువుకున్న మనిషి. అదే పనిని పెంచి 2015లో మాడ్రిడ్ రీనా సోఫియా మ్యూజియంతో కలిసి చేశారు, అక్కణ్ణించి 2016లో న్యూయార్క్. అంటే మెట్ వాళ్ళు ఎక్కడో మూలనున్న ఆర్టిస్టుని తవ్వి తీశారన్న కథ సగమే నిజం.

ఈ షోలలో డ్రాయింగ్స్‌తో పాటు డైరీలు, ఫొటోలు కూడా పెట్టారు. ఫొటోలు ఆవిడ బతికుండగా ఎప్పుడూ చూపించలేదు. ఫతేపూర్ సిక్రీ రాతి పలకలు, సముద్రపు ఒడ్డు, రోడ్డు మీద గీతలు, మగ్గం మీద బిగించిన నూలు, అన్నీ నలుపు తెలుపులో, చాలా దగ్గరగా కత్తిరించి. వాటిని డ్రాయింగ్స్ పక్కన పెట్టగానే 'ఓహో, ఈ గీతలు అక్కణ్ణించి వచ్చాయన్నమాట' అని చూసేవాళ్ళకి ఊరట దొరుకుతుంది. అక్కడే కొంచెం జాగ్రత్త పడాలి. ఫొటో నుంచి డ్రాయింగ్ వచ్చిందా, గీతలు గీసీ గీసీ ఆ కంటితోనే ఫొటో తీశారా అన్నది తేల్చే మార్గం లేదు. ఆవిడ దాచుకున్నవాటిని ఆవిడ చూపించినవాటికి జవాబుగా పెట్టడం క్యూరేటర్ నిర్ణయం. తప్పని కాదు, ఆ నిర్ణయం ఎవరిదో చూసేవాళ్ళకి తెలిసుండాలి.

హాలు ఎందుకు అంత చీకటి

డ్రాయింగ్ షోలలో అందరూ చేసే కంప్లైంట్ లైటు సరిపోలేదని. దానికి కారణం కాగితమే. వెలుతురు వల్ల జరిగే డ్యామేజీ తిరిగి బాగవదు, పైగా కూడుతూ పోతుంది, ఇవాళ పడింది రేపటిదానికి కలుస్తుంది. గ్రాఫైట్, నల్ల ఇండియన్ ఇంకు రెండూ కార్బన్ కాబట్టి వాటికి రంగు వెలిసే భయం లేదు, కానీ వెనక కాగితం పసుపెక్కితే సన్న పెన్సిల్ గీతకీ కాగితానికీ మధ్య తేడా తగ్గిపోతుంది. మామూలు బొమ్మకి అది చిన్న నష్టం. మొత్తం పనే ఆ తేడా మీద నిలబడ్డ డ్రాయింగ్‌కి అది ప్రాణం మీదకొచ్చే విషయం.

అందుకే కాగితం మీది పనులకి మ్యూజియంలు పెట్టుకున్న వాడుక లెక్క 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). ఆఫీసుల్లో లైటు మామూలుగా 300 నుంచి 500 లక్స్ ఉంటుంది, నడినెత్తి ఎండ లక్ష దాకా పోతుంది. 50 లక్స్‌లో రోజుకి 8 గంటల చొప్పున 90 రోజులు పెడితే మొత్తం 36,000 లక్స్ గంటలు. అదే కాగితం 500 లక్స్ గదిలో ఉంటే ఆ కోటా 9 రోజుల్లో అయిపోతుంది, నేరుగా ఎండలో పెడితే అరగంట కూడా పట్టదు. షో మూడు నాలుగు నెలలకి ముగిసిపోవడం, ఆ తర్వాత ఆ పనుల్ని ఏళ్ళ తరబడి చీకట్లో పెట్టెల్లో ఉంచడం దీనివల్లే. ఆయిల్ పెయింటింగ్ ఉన్న మ్యూజియం దాన్ని పదేళ్ళు అదే గోడ మీద ఉంచగలదు, డ్రాయింగ్‌ని ఉంచలేదు. కాబట్టి డ్రాయింగ్స్ మీద బతికిన ఆర్టిస్టు మ్యూజియంలో శాశ్వతంగా కనిపించడం కుదరదు, పేరు జనం నోట్లో నానడం కూడా అంతే కష్టం.

ఇంత లేటెందుకయింది

వెలుతురు ఒక్కటే కారణం కాదు. 1970లు, 80ల్లో బరోడా అంటే కథ చెప్పే బొమ్మ. గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖ్ఖర్ లాంటి పెయింటర్ల చుట్టూ చర్చ నడిచింది, 1981లో 'ప్లేస్ ఫర్ పీపుల్' అనే షోతో మనిషి, ఊరు, కథ మళ్ళీ మధ్యలోకొచ్చాయి. మరో పక్క అబ్‌స్ట్రాక్ట్ అంటే బిందువు, శ్రీచక్రం లాంటి యంత్రం, తాంత్రిక గుర్తులు ఉంటేనే 'మనది' అని విదేశీ గ్యాలరీలు గుర్తుపట్టేవి. నస్రీన్ ఈ రెండు గదుల్లో దేన్లోనూ పట్టలేదు. కథ లేదు, గుర్తు లేదు.

మార్కెట్ సంగతి కూడా ఉంది. గాయ్‌తొండే కూడా మాట తక్కువ, ప్రచారం తక్కువ మనిషే, కానీ ఆయన చేసింది కాన్వాసు మీద ఆయిల్. 2013 డిసెంబర్‌లో ముంబై క్రిస్టీస్ వేలంలో ఆయన పెయింటింగ్ ఒకటి 23.7 కోట్లకి పోయింది, మరుసటేడే న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్‌లో షో. కాగితం మీద పనికి కాన్వాసు కంటే రేటు తక్కువ పలకడం మార్కెట్ పాత అలవాటు, రేటు తక్కువైతే గ్యాలరీకి ఆసక్తి తక్కువ, గ్యాలరీ చూపించకపోతే మ్యూజియం కంట పడదు. ఆ చుట్టుని బద్దలు కొట్టింది 2000ల తర్వాత వరసగా వచ్చిన షోలు. 2005లో న్యూయార్క్ డ్రాయింగ్ సెంటర్, 2007లో జర్మనీలో డాక్యుమెంటా 12 అనే పెద్ద ఆర్ట్ షో, 2014లో ఇంగ్లండ్‌లో టేట్ లివర్‌పూల్ మ్యూజియం, అక్కడ గళ్ళ పెయింటింగులకి పేరున్న మాండ్రియన్ షో నడుస్తున్న రోజుల్లోనే ఆవిడదీ పెట్టారు. మెట్ ఈ వరసలో చివర్లో వచ్చింది, మొదట్లో కాదు. ఇంకొక కారణం, ఆ సమయానికి పెద్ద మ్యూజియంలన్నీ మోడర్న్ ఆర్ట్ అంటే యూరప్, అమెరికా మగవాళ్ళ చరిత్ర మాత్రమే అన్న విమర్శకి జవాబు వెతుక్కుంటున్నాయి. నస్రీన్ ఎంపికలో ఆ అవసరం కూడా పనిచేసిందనడంలో తప్పేం లేదు, దానివల్ల డ్రాయింగ్స్ విలువ తగ్గిపోదు కూడా.

జబ్బు కథ

చివరి ఏళ్ళలో ఆవిడకి నరాల జబ్బు వల్ల ఒంటి మీద పట్టు తగ్గుతూ వచ్చింది. చేతులు మాట వినకపోతున్నా గీత మాత్రం తిన్నగానే ఉంది అన్న మాట ప్రతి రివ్యూలోనూ కనిపిస్తుంది. మనసుకి పట్టే విషయమే, కానీ దీన్నే తాళం చెవిగా వాడితే పాతికేళ్ళ పని మొత్తం మెడికల్ రిపోర్టు అయిపోతుంది. గ్రిడ్ 1970ల మొదట్లోనే వచ్చేసింది. తిన్నటి గీత మీద ఆ పట్టుదల జబ్బుకి జవాబుగా పుట్టింది కాదు.

ముందు ముందు ఏం జరగొచ్చు

పేరొచ్చాక రేటొస్తుంది, రేటొచ్చాక నకిలీలొస్తాయి. పేరూ తేదీ లేని గీతల డ్రాయింగ్‌కి ఉన్న గట్టి రక్షణ అది ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో చెప్పే కాగితాలే, కాబట్టి పాత షోల కేటలాగులు, కుటుంబం దగ్గరున్న రికార్డులు ఇక నుంచి డ్రాయింగ్స్ అంత ముఖ్యమవుతాయి. మెట్ బ్రాయర్ మాత్రం నిలవలేదు, 2020లో కోవిడ్‌కి మూసినది మెట్ బ్రాంచిగా మళ్ళీ తెరవలేదు.

హైదరాబాద్‌కో విజయవాడకో ఇలాంటి షో ఎప్పుడు వస్తుందన్నది అభిరుచి ప్రశ్నలా కనిపిస్తుంది, నిజానికి అది చాలావరకు ఏసీ ప్రశ్న. పని అప్పివ్వమని అడిగిన మ్యూజియం ముందుగా ఒక ఫెసిలిటీ రిపోర్ట్ నింపి పంపాలి. గదిలో తేమ రాత్రీ పగలూ 50 శాతం చుట్టుపక్కల ఉంటుందా, లైటు ఎన్ని లక్స్, కిటికీల్లోంచి ఎండ వస్తుందా, సెక్యూరిటీ ఎవరు, కరెంటు పోతే బ్యాకప్ ఏంటి, ఏడాది పొడవునా తీసిన రీడింగులు ఉన్నాయా. సాయంత్రం విజిటర్లు వెళ్ళిపోగానే ఏసీ ఆపేసే గ్యాలరీ ఆ ఫారంలో రెండో పేజీ దాటదు.